శుక్రవారం బొట్టు

దగ్గరకొచ్చి కూర్చోండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

కశింకోటలో ఉండే మా పిన్ని గల్ఫులో ఒక ఇంట వంట చేసి తిరిగొచ్చింది. వచ్చినప్పటి నుంచి వీధిలో పోలీసు జీపు చప్పుడైతే చాలు, బొటనవేలితో నుదుటి కుంకుమ తుడిచేసుకునేది.

"ఆడు హెల్మెట్ లేనోళ్ళ కోసం వచ్చేడు వదినా, నీ బొట్టు కోసం కాదు!" అని మా అత్త ఆటపట్టించేది.

ఒకనాడు పిన్ని నోరు విప్పింది.

"శుక్రవారం కదాని అలవాటుగా కుంకం ఎట్టీసేను. ఆ ఇంటి అమ్మగారూ, ఆవిడ కూతురూ, నేనూ బజారుకెళ్ళేం. మతం కట్టుబాట్లు సూసే సర్కారోళ్ళ జీపు మా ముందాగింది. అయిదు పూటలా నమాజు సేసే ఆ తల్లి గజగజా వణికిపోతా ముందు నా బొట్టు తుడిసింది. ఈలోగా పిల్ల తలమీది గుడ్డ జారింది. కప్పుకోమని ఒకడు కసిరేడు. 'దేవుడు నీకే తెలుసా, మా అమ్మకి తెలీదా?' అనీసింది పదహారేళ్ళ పిల్ల. జీపెక్కించీసేరు."

"తల్లి ఏమంది పిన్నీ?"

"'దేవుడి ముందు రోజూ నిలబడతాను, ఎప్పుడూ వణకలేదు. ఆయన పేరున లాఠీ పట్టినోళ్ళని సూత్తే కాళ్ళాడట్లేదు' అంది."

"పిల్ల తిరిగొచ్చిందా?"

"నేనొచ్చీసే దాకా రాలేదమ్మా. రోజూ దానికీ కంచం ఎట్టమనేది ఆ తల్లి. ఎట్టేదాన్ని."

ఆ మాట విన్నాక మా అత్త మళ్ళీ నవ్వలేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఆడపిల్లలు ఎదురు మాట్లాడి కూడా పొద్దుగూకేలోగా ఇంటికి చేరాలి.