నొప్పి పెరిగితే రమ్మన్నారు

మొన్న సూర్యాపేటలో షుగర్ పరీక్షకు పోతే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమంది. సన్నటి ప్లాస్టిక్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకుతూ "తెలుస్తుందా అమ్మా?" అని అడిగింది. తెలుస్తుందన్నాను. చక్కిలిగింత కూడా పుట్టింది గానీ నవ్వు రాలేదు. మా పెద్దనాయన కాళ్లు కళ్ల ముందుకొచ్చాయి. ఆ మనిషి పోయి కొన్నేళ్లయింది, ఆయన కాళ్లు మాత్రం నన్ను వదల్లేదు. వాకిట్లో ఎవరైనా చెప్పులు ఈడ్చుకుంటూ నడిస్తే ఇప్పటికీ ఉలిక్కిపడి తలెత్తుతాను.

మా నాన్నకు పెద్దన్న ఆయన. మిర్యాలగూడ దగ్గర సాగర్ కాలువ గట్ల మీద జీవాలు మేపుతూనే పెరిగాడు, మేపుతూనే ముసలివాడయ్యాడు. బడి గడప తొక్కలేదు. సాయంత్రం మంద ఇంటికి మళ్లుతుంటే గట్టు మీద బీడీ ముట్టించుకుని కూర్చుని, గొర్రెల నడకలు చూసేవాడు. కుంటేదాన్ని పట్టుకుని, తిరగేసి, గిట్టల మధ్య ముల్లు తీసి, వేపనూనె పూసి వదిలేవాడు. కుంటడం పోయిందంటే పుండు మానినట్టే, ఇక దాని జోలికి పోయేది లేదు. "కుంటని కాలుకు మందేందే?" అనేది ఆయన వైద్యశాస్త్రం మొత్తం. మేం నవ్వుకునేవాళ్లం గానీ, జీవాల విషయంలో అది తప్పగా నేనెన్నడూ చూడలేదు.

ఆయనకు షుగర్ ఉందని బయటపడేసరికి అరవై దాటాయి. అప్పటికే అరికాలి కింద రూపాయి బిళ్లంత పుండు. మిర్యాలగూడ దవాఖానకు వెంట వెళ్లింది మా చిన్నాయన. కోదాడలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మా ఇంట్లో చదువంటే ఆయనే. పెళ్లి సంబంధమైనా, చెడిపోయిన బోరు మోటారైనా ఆయన్ని అడగందే మాకు ముద్ద దిగేది కాదు. డాక్టరు కట్టు కట్టి, మాత్రలు రాసి, బయట జనం తోసుకొస్తుంటే హడావిడిగా "నొప్పి పెరిగితే వెంటనే రండి" అన్నాడట. ఆ ఒక్క మాటనూ అన్నదమ్ములిద్దరూ భద్రంగా ఇంటికి మోసుకొచ్చారు. చదువురాని అన్నకు అది తన మంద లెక్కకు సరిపోయింది. చదువుకున్న తమ్ముడికి అది డాక్టరు నోటి మాట కాబట్టి సరిపోయింది.

నొప్పి పెరగలేదు. అసలు రానేలేదు. చిన్నాయన కోదాడ నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, నొప్పేమైనా ఉందా?" అని అడిగేవాడు. "సీమ కుట్టినంత గూడ లేదురా. కుంటుతనే లేను" అని పెద్దనాయన ఫోన్లోనే నడిచి చూపించినంత పని చేసేవాడు. ఒకసారి నేను వెళ్లిన రోజు, ఒంటి చెప్పుతో మందను తోలుకొచ్చాడు. రెండోది గట్టు మీద ఎక్కడో జారిపోతే ఆయనకు తెలియనే లేదు. "కాలికి సెప్పు ఉన్నదో ఊడిందో తెల్వని మొగడు దొరికిండు నాకు!" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంటే అందరం పడీపడీ నవ్వాం, ఆయనతో సహా.

జబ్బును ముందు కనిపెట్టింది ఈగలు. మంచం మీద ఆయన కాళ్ల వైపు ముసిరిన ఈగల్ని తోలుతూ పెద్దమ్మ ఒకనాడు కట్టు విప్పి కేక వేసింది. సూర్యాపేట తీసుకొస్తే, చీము ఎముక దాకా పోయింది, మోకాలి కిందికి తీసేయాలన్నారు. షుగర్ ముదిరితే కాళ్లలో స్పర్శ చచ్చిపోతుందని, నొప్పి లేదని ధీమాగా ఉండటమే ప్రమాదమని అక్కడి డాక్టరు చెబుతుంటే చిన్నాయన గోడకు ఆనుకున్నాడు. "నరాల పాఠం నేను చెప్పానే తల్లీ, బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను" అన్నాడు నాతో. పెద్దనాయన మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. "నొయ్యని కాలు కోస్తరా? ఏడన్న ఉన్నదా గిట్ల?" అని డాక్టరుతో కొట్లాడుతూనే లోపలికి పోయాడు.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు, ఒక పొద్దున ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మొహమంతా చెమటలు. కాలు లేక అణిగిపోయిన దుప్పటిని చేత్తో తడుముతున్నాడు. "బిడ్డా, ఇప్పుడు నొస్తున్నదే. అరికాల్ల నిప్పులు పోసినట్టే ఉన్నది" అన్నాడు. తీసేసిన కాలు అలా నొప్పి పెడుతుందని డాక్టరు తర్వాత చెప్పాడు గానీ, అప్పుడు నాకు తెలియదు. కొంగుతో ఆయన మొహం తుడిచాను. అంతలో చిన్నాయన వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. తమ్ముణ్ణి చూడగానే పెద్దనాయన మొహంలోకి ఆశ వచ్చింది.

"తమ్మీ, నొప్పి పెరిగితే రమ్మన్నడు గదరా డాక్టరు. జల్ది పోదాం పా."

కాలం గడిస్తే అన్నీ మరుగున పడతాయంటారు. నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా చిన్నాయన ఇంకా ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నట్టుంటుంది.