రెండో పిన్ను, మూడో పిన్ను

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే, మల్టీమీటరు పెట్టి చూపించమనే రకం నేను. విజయనగరంలో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు జరిగింది. అందుకే నాకు మరీ చిరాకు.

మా బావ, అంటే అక్క భర్త, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసి రిటైరయ్యాడు. నెల్లిమర్లలో ఉండేవారు. ఆయన దగ్గర ఒక పాతకాలపు పోర్టబుల్ కంప్యూటరు ఉండేది. లావుపాటి పుస్తకమంత పెట్టె, ఎనిమిది వరసల బుల్లి తెర, పెన్సిల్ సెల్లులతో నడిచేది. రోజూ అందులో నాలుగు ముక్కలు డైరీ రాసుకునేవాడు. దానికి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టేవాడు. రాసింది వేరే కంప్యూటర్లోకి తీసుకోవాలంటే సీరియల్ కేబుల్ ఒక్కటే దారి.

నిరుడు అక్క ఇల్లు సర్దుతూ ఆయన వైర్ల సంచిని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఆ కేబులూ అందులోనే పోయింది. బావకి కోపం వస్తే అరవడు, మాట మానేస్తాడు. మూడు రోజులు మానేశాడు. నాలుగో రోజు తెల్లవారేసరికి గుండెపోటుతో పోయాడు.

పెద్దకర్మ అయ్యాక అక్క ఆ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. చావింటి హడావిడిలో ఎవరో కింద పడేసినట్టున్నారు, తెర పగిలి ఉంది.

"ఆ మూడ్రోజులూ ఇందులో ఏటో టకటకా కొట్టినాడ్రా. నా మీద ఏటి రాసినాడో తీసి సెప్పు. తిట్టినా పర్నేదు. కోపంతోనే పోనాడో నేదో నాకు తెలవాల," అంది.

ఏదో వేళాకోళమాడి తేల్చేద్దామనుకున్నాను గానీ, ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

కేబుల్ నేనే చేశాను. పని చిన్నదే. మూడు తీగలు. ఒకటి పెట్టె మాట బయటికి తెస్తుంది, ఒకటి మన మాట లోపలికి తీసుకెళ్తుంది, మూడోది గ్రౌండు. పెట్టె వైపు పాతిక పిన్నుల కనెక్టరు. అందులో రెండో పిన్నుకీ, మూడో పిన్నుకీ, ఏడో పిన్నుకీ టంకం పెట్టాలి. శనివారం ల్యాబులో కూర్చుని పెట్టి, కనెక్టరు మూత బిగించేశాను. మీటరుతో చూడలేదు. రోజూ విద్యార్థుల్ని తిట్టేది దానికే.

ఆదివారం పదకొండింటికి, అక్క ఇంటి వరండాలో, నా లినక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలించాను. వేగం సరిచేసి, వచ్చే ప్రతి అక్షరం ఒక ఫైల్లో చేరేలా పెట్టాను. పగిలిన తెర మీద ఏమీ కనపడదు కనుక గుడ్డిగా మీటలు నొక్కాను. ఏ మీట తర్వాత ఏది నొక్కాలో బావే ఒక చీటీ రాసి పెట్టె అడుగున అంటించుకున్నాడు.

అక్షరాలు వచ్చాయి. ఒక్కొక్క వరసే, తాపీగా. వాన, కరెంటు కోత, మోకాలి నొప్పి. ఆ మూడు రోజుల్లోనూ అక్క మీద ఒక్క తిట్టు లేదు. ఆఖరి వరస ఇది:

"అన్నం తింతారా అని వంటింట్లోంచి అడిగింది. ఇన్నాను. పలకలేదు. రేపు నేనే మాటాడతాను."

చదివి వినిపించాను.

"అడిగినాన్రా. పలక్కపోతే నిద్దరోనాడనుకున్నాను. ఈ మాట ఎవులికీ సెప్పనేదు," అని అక్క ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు.

వారం తర్వాత, మిగతా ఫైళ్లు కూడా తీద్దామని, ముందు కేబుల్ కాస్త పొడవు చేసేందుకు మూత విప్పాను. తీగలు తప్పు పిన్నుల మీద ఉన్నాయి. ఈ కనెక్టరుని ముఖం వైపు నుంచి ఒకలా, టంకం వైపు నుంచి తిరగేసి లెక్కపెట్టాలి. తొందరలో నేను తిరగెయ్యలేదు. రెండుకి బదులు పన్నెండు, మూడుకి బదులు పదకొండు. ఏడోది పదమూడు పిన్నుల పై వరసలో సరిగ్గా నడిమిది కాబట్టి అదొక్కటే సరిపోయింది.

రెండో పిన్ను, మూడో పిన్ను కొట్టులోంచి తెచ్చినప్పటిలాగే మెరుస్తున్నాయి. టంకం చుక్క అంటలేదు. మీటరు పెట్టాను. తీగ కలిసి ఉంటే కూత పెట్టాలి, కూత లేదు. పెట్టె కూడా విప్పి చూశాను. పదకొండు, పన్నెండు పిన్నులకి లోపల దేనితోనూ సంబంధం లేదు. ఆ కేబుల్లోంచి ఒక్క అక్షరం కూడా రాకూడదు.

సరైన కేబుల్ ఇంకోటి చేసి తగిలించాను. ఏమీ రాలేదు. లోపలి బ్యాటరీ అయిపోయి రాసిందంతా చెరిగిపోయి ఉండాలి. అది నాకు అర్థమవుతుంది. మొదటిది అర్థం కాదు. అక్కని ఊరడించడానికి నేనే కల్పించానంటారేమో, అన్నం సంగతి నాకెలా తెలుస్తుంది? ల్యాబులో తోటి ఉద్యోగికి చూపిస్తే, కేబుల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, టీ తాగుదాం పదండి అన్నాడు. ఇప్పటికీ నేను దెయ్యాల్ని నమ్మను. ఆ ఫైలు మాత్రం నా దగ్గరే ఉంది.

మొన్న అక్క ఫోను చేసి ఆ కేబుల్ కావాలంది.

"బావ పటం కాడ పెట్టుకుంతాను. ఇయ్యరా, ఈపాలి ఎవులికీ ఇయ్యను."

మొదటి కేబులే తీసుకెళ్లి ఇచ్చాను. పిన్నుల సంగతి చెప్పలేదు.