ఒకే ఇల్లు, రెండు ఓట్లు

మా మేనమామకి పటాలు కట్టే దుకాణం ఉంది. మంగలి షాపుకీ మందుల షాపుకీ మధ్య, రెండు బల్లలు పట్టేంత గది. గోడలకి చెక్క పట్టీలు నిలబెట్టి ఉంటాయి. వెనక అద్దాలు, ఒక్కో అద్దానికీ మధ్య పాత దినపత్రిక. పైన రెండు గదుల్లో కాపురం. వీధిలో అందరూ ఆయన్ని పటాలాయన అంటారు. నేను పన్నెండేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నాను. కొలతలు రాసుకోవడం, వెనక అట్ట కోయడం, మేకులు కొట్టడం నా వంతు. అద్దం మాత్రం ఆయనే కోస్తాడు.

ఆయన రాజకీయం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. విరగనిదాని జోలికి పోకూడదు. "కుర్చీకి ఒక కాలు వదులైతే మేకు కొడతాం. కుర్చీ మొత్తం పొయ్యిలో పెడతామా?" అని అడిగేవాడు. అన్నీ మార్చి పారేస్తానని ఏ అభ్యర్థి టీవీలో చెప్పినా, "ఇల్లు తగలబెట్టి చలి కాచుకునే రకం" అని తేల్చేసేవాడు. ఓటు హక్కు వచ్చినప్పటి నుంచీ ఒకే పార్టీ, పాత పార్టీ. అది గొప్పదని ఆయన ఏనాడూ అనలేదు. గుడ్డికన్నా మెల్ల మేలు అనేవాడు, అంతే.

రోజూ సాయంత్రం ఏడింటికి టీవీలో చర్చ వస్తుంది. షట్టరు సగం దించి, చేతులకంటిన జిగురు కిరసనాయిలుతో తుడుచుకుని పైకి వెళ్ళేవాడు. చర్చకి వచ్చేవాళ్ళ అసలు పేర్లు ఆయన పలకడు. కేకలేసేవాడు బల్లగుద్దుడు. అంకెలు తప్ప ఇంకో మాట రానివాడు ఎక్కాలాయన. రెండు వైపులా సర్దిచెప్పే ఆవిడ గోడమీద పిల్లి.

"నేను అద్దం అరంగుళం తప్పు కోస్తే నా జేబులోంచి ఇంకో అద్దం కోయాలి. ఎక్కాలాయన లెక్క తప్పితే ఏం పోతుంది? మర్నాడు కొత్త అంకెతో వస్తాడు. నిన్నటిది తప్పని ఒక్కడైనా అన్నాడా?" అనేవాడు.

ఒక్కడు మాత్రం ఆయనకి నచ్చాడు. అతనికి పెట్టిన పేరు పెద్దమనిషి. నెరిసిన జుట్టు, పైదాకా గుండీలు పెట్టిన కోటు. ఎవరి మాటకీ అడ్డురాడు. అందరూ అరుచుకున్నాక చివర్లో నాలుగు వాక్యాలు చెప్తాడు. పాత పార్టీని సమర్థిస్తూనే దాని తప్పులు చెప్తాడు. పధ్నాలుగేళ్ళు ఆయన మాట మా మామయ్యకి కొలబద్ద.

ఈ భక్తి మా అత్తయ్యకి నచ్చేది కాదు. ఆవిడ బస్ డిపోలో టికెట్ల కౌంటర్లో కూర్చునేది, యూనియన్ మనిషి. ఓటు అవతలి పార్టీకి. పెళ్ళయిన మొదటి ఎన్నికల్లోనే ఆ సంగతి దాచకుండా చెప్పేసిందట. చర్చ నడుస్తున్నంతసేపూ ఆవిడ పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ మాటకి మాట వేసేది.

"మీ పెద్దమనిషి నెమ్మదిగా చెప్తాడు కాబట్టి నిజంలా వినిపిస్తుందండీ. నెమ్మదిగా చెప్పినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు."

"మీవాళ్ళు గట్టిగా చెప్పినా అవడం లేదు కదా" అనేవాడు మామయ్య.

పిల్లల్లేరు. ఆ లోటు గురించి వాళ్ళు మాట్లాడుకోగా నేను వినలేదు. చర్చ గురించి మాత్రం అన్నం దగ్గరా, మెట్ల మీదా, మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేటప్పుడూ మాట్లాడుకునేవారు.

ఒకసారి పోలింగ్ రోజున కుండపోతగా వాన. "నీది నాదాన్ని కొట్టేస్తుంది, నాది నీదాన్ని కొట్టేస్తుంది. ఇంత వానలో తడవడం దేనికి? ఇద్దరం మానేద్దాం" అన్నాడు మామయ్య. అత్తయ్య సరేనంది. ఆయన కిందికొచ్చి పని చూసుకున్నాడు. సాయంత్రం చూస్తే మెట్ల కింద తడిసిన గొడుగు, అత్తయ్య వేలికి సిరా. నాలుగు రోజులు మాట్లాడలేదాయన. అయిదోరోజు చర్చలో బల్లగుద్దుడు ఏదో అంటే నవ్వాపుకోలేక ఆవిడ వైపు చూశాడు. ఆ గొడుగు సంగతి ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నారో.

బల్లగుద్దుడు ఎన్నికల్లో నిలబడ్డ ఏడాది పెద్దమనిషి టీవీలో ఒక మాటన్నాడు. "తక్కెడ పట్టుకున్నవాడు తక్కెడలో కూర్చోకూడదు." మామయ్య పొంగిపోయాడు. కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. అత్తయ్య మాత్రం, "ఖాళీ దొరికితే మీ పెద్దమనిషీ కూర్చుంటాడు, చూస్తూండండి" అంది.

అది చూడటానికి ఆవిడ లేదు. మొన్నటి ఎన్నికలకి మూడు నెలల ముందు, పట్టపగలు, కౌంటర్లో చిల్లర లెక్కపెట్టి ఇస్తూ పక్కకి ఒరిగిపోయింది. మేం ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. గుండె అన్నారు.

మా దుకాణంలో సగం పని పోయినవాళ్ళ ఫొటోలే. అత్తయ్య ఫొటో డిపో గుర్తింపు కార్డులోంచి తీసి పెద్దది చేయించుకొచ్చాను. పటం నేను కట్టనా అని అడిగాను. "నీకు అద్దం రాదుగా" అన్నాడు. నల్లటి సన్న పట్టీ తీశాడు. రెండుసార్లు కొలిచాడు, నాలుగు ముక్కలు ఏటవాలుగా కోసి జిగురు పెట్టి బిగించాడు. అద్దం కోసే చిన్న చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి ఒక్క గీత గీశాడు. బల్ల అంచుకి పెట్టి విరిస్తే అద్దం టక్కుమని శుభ్రంగా విడిపోయింది. నేను మేకులు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, "మూలలు కలిశాయి" అన్నాడు.

ఆ తర్వాత కూడా రోజూ ఏడింటికి పైకి వెళ్ళేవాడు. టీవీ పెట్టేవాడు. నేను అన్నం క్యారియరు తీసుకెళ్ళి పక్కన పెట్టేదాన్ని. వాళ్ళు అరుచుకునేవారు. ఆయన చూసేవాడు. ఒకరోజు వెళ్ళేసరికి ఛానెల్ మారిపోయి ఎవరో కేకు చేయడం నేర్పిస్తున్నారు.

"చర్చ లేదా ఇవాళ?" అన్నాను.

"ఇది కాదా?" అన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో మరి.

మంగలి ఊరుకునేవాడు కాదు. పొద్దున్నే వచ్చి, "నిన్న ఎక్కాలాయన ఏమన్నాడు పటాలన్నా?" అని గిల్లేవాడు. ఒకప్పుడైతే దానికి అరగంట జవాబుండేది. "ఏదో అన్నాడు" అనేసి మామయ్య కొలబద్ద అందుకునేవాడు. వారం రోజులు చూసి మంగలి కూడా అడగడం మానేశాడు. నేను కోపం తెప్పిద్దామని, "అత్తయ్యవాళ్ళ పార్టీయే నయంలే మామయ్యా" అన్నానొకసారి. "అయ్యుండొచ్చు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు భయమేసింది.

నామినేషన్లు మొదలైన వారం పొద్దున్నే పేపరు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"నీ పెద్దమనిషి నిలబడుతున్నాడు. మన నియోజకవర్గమే. పాత పార్టీ టికెట్టు."

ఫొటో చూశాడు. పేరు చదివాడు. "ఊఁ" అని ఆ పేజీ తీసి రెండు అద్దాల మధ్య పెట్టాడు. అక్కడ కాగితం చాల్లేదు మరి.

ప్రచారానికి పెద్దమనిషి మా వీధికే వచ్చాడు. ముందు కండువాల గుంపు, వెనక కెమెరా పట్టుకున్న మనిషి, మధ్యలో ఆయన. టీవీలో కంటే పొట్టిగా ఉన్నాడు. అదే కోటు, చెమటకి మెడ దగ్గర తడిసిపోయింది. దుకాణం ముందు ఆగి చెయ్యి చాపాడు. మామయ్య చెయ్యి తుడుచుకుని కలిపాడు.

"పధ్నాలుగేళ్ళుగా రోజూ మిమ్మల్ని చూస్తున్నానండీ" అన్నాడు.

"సంతోషం. మీలాంటివాళ్ళే మా బలం."

"తొమ్మిదేళ్ళ కిందట మీరో మాటన్నారు. తక్కెడ పట్టుకున్నవాడు తక్కెడలో కూర్చోకూడదని."

మామయ్య గొంతులో నిష్ఠూరం లేదు. కొలత చదివినట్టు చదివాడు. పెద్దమనిషి మెడ దగ్గర చెమట తుడుచుకున్నాడు.

"నేనన్నానా? గుర్తులేదండీ. కానీ మంచి మాట." పక్కనున్నతని వైపు తిరిగాడు. "రాసుకోవయ్యా, సాయంత్రం సభలో వాడదాం."

అతను నిజంగానే ఫోనులో రాసుకున్నాడు. ఇంకొకతను ఓటర్ల జాబితా తిరగేస్తున్నాడు. "ఈ ఇంట్లో రెండు ఓట్లు సార్. ఆయనా, ఆయన భార్యా."

"రెండూ మనవే కదా?" అన్నాడు పెద్దమనిషి చనువుగా.

"ఆవిడది మీకు రాదండీ" అన్నాడు మామయ్య.

"అదేమిటి? ఎందుకని?"

"ఎప్పుడూ రాలేదు."

"ఒకసారి పిలవండి, నేను మాట్లాడతాను. ఇలాంటివాళ్ళని ఎంతమందిని ఒప్పించాం."

"ఒప్పుకోదండీ" అన్నాడు మామయ్య. "నేను ముప్పయ్యొక్కేళ్ళు చెప్పాను."

అందరూ నవ్వారు. నేను సుత్తి పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన చెప్పనిది నేనెలా చెప్తాను? జాబితా అతను అత్తయ్య పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడు. వాళ్ళు మందుల షాపు వైపు వెళ్ళిపోయారు.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"వాళ్ళు అడిగింది ఓటు సంగతే కదా" అన్నాడు. ఆగిపోయిన పటం దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

పోలింగ్ రోజున ఎండగా ఉంది. బడిలో బూత్, చిన్నపిల్లల బల్లలు గోడకి తోసి పెట్టారు. నేను ఆయన వెనకే ఉన్నాను. గుమాస్తా మామయ్య పేరు దగ్గర స్కేలు పెట్టి గీత గీసింది. దాని కిందే అత్తయ్య పేరు, బొటనవేలంత ఫొటో. గుమాస్తా తలెత్తకుండానే అడిగింది.

"మీ ఆవిడ తర్వాత వస్తారా అండీ?"

"రాదు. పేరు కొట్టేయండి."

"మేం కొట్టకూడదండీ. దానికి వేరే దరఖాస్తుంది."

"సరే" అని సిరాకి వేలు చాపాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఎవరికేశావ్?"

"ఎప్పుడూ వేసేదానికే."

"ఆయనకా?"

"గుర్తుకి." కొంచెం దూరం నడిచాక ఆయనే అన్నాడు. "ఇన్నేళ్ళలో నా ఓటుని కొట్టేసేవాళ్ళు లేకపోవడం ఇదే మొదలు."

"ఎలా ఉంది?"

ఆలోచించాడు. జవాబు కోసం నిజంగానే వెతుక్కున్నాడని నాకు తెలుస్తోంది.

"ఏం లేదు" అన్నాడు.

దారిలో ఎలక్ట్రికల్ షాపు తెరిచి ఉంటే ఆగి, మెట్ల దగ్గరికి ఒక బల్బు కొన్నాడు. పాతది రెండు నెలల కిందటే పోయింది.

పెద్దమనిషి ఓడిపోయాడు. ఆరువేల చిల్లర తేడా. అత్తయ్యవాళ్ళ పార్టీ గెలిచింది. మర్నాడే వాళ్ళ మనుషులు గెలిచినాయన ఫొటోకి పాతిక పటాలు కావాలని వచ్చారు. మామయ్య ఒప్పుకున్నాడు. రెండు రోజులు పాతిక అద్దాలు కోశాడు. ఒక్కటీ పగల్లేదు.

నెల తిరక్కుండా పెద్దమనిషి మళ్ళీ చర్చలో కూర్చున్నాడు. ఓడిపోయినవాడు ఎందుకు ఓడిపోయాడో, గెలిచినవాడు ఏం చెయ్యాలో నెమ్మదిగా నాలుగు వాక్యాల్లో చెప్పాడు. పొద్దున్నే మంగలి ఆగలేకపోయాడు.

"సిగ్గుండాలి కదా పటాలన్నా. ఎన్నికలకి పోయి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంటాడా?"

"వెళ్ళడానికి ఇంకెక్కడుంది ఆయనకి" అన్నాడు మామయ్య.

దరఖాస్తు నేనే నింపాను. మరణ ధ్రువపత్రం జతచేసి ఆయన చేత సంతకం పెట్టించాను. చదవకుండానే పెట్టాడు. జాబితాలోంచి అత్తయ్య పేరు తీసేసినట్టు ఉత్తరం వస్తే, మిగతా బిల్లులతో పాటు తీగకి గుచ్చాడు.

మొన్నొకరోజు షట్టరు తాళం చెవి ఇవ్వడానికి పైకి వెళ్ళాను. చర్చ నడుస్తోంది, సౌండు బాగా తగ్గించి ఉంది. కుడిపక్క కుర్చీలో పొట్టి జుట్టు అమ్మాయి ఎవరో మాట్లాడుతోంది.

"ఎవరీ అమ్మాయి?"

"కొత్తగా వస్తోంది. నెలైంది. మీ అత్తయ్యవాళ్ళ వైపు."

"ఎలా మాట్లాడుతుంది?"

"తెలీదు" అన్నాడు. "ఇంకా వినలేదు."

రిమోట్ తీసి సౌండు రెండు గీతలు పెంచాడు. మంచం మీద కొంచెం పక్కకి జరిగాడు. నేను కూర్చున్నాను. ఆ అమ్మాయి నీళ్ళ పైపుల గురించి ఏదో చెప్తోంది, బల్లగుద్దుడు అడ్డొస్తున్నాడు. మామయ్య మొహంలో ఏ మార్పూ లేదు. ప్రకటనలు వచ్చేదాకా ఉండి, తాళం చెవి మేకుకి తగిలించి దిగి వచ్చేశాను.