విఠల్ రాయని ఒక్క లైను

కోరుట్ల నుంచి వచ్చిన విఠల్ 1997లో జగిత్యాలలోని ఒక సర్కారు దఫ్తరులో కంప్యూటరు పనికి కుదిరాడు. ఊళ్ళలో అన్నలకు, అంటే నక్సలైట్లకు, అన్నం పెట్టారని పోలీసులు మనుషులను పట్టుకుపోయే రోజులవి. తిరిగి రానివాళ్ళ గురించి ఇంటివాళ్ళు పెట్టుకున్న అర్జీలు అక్కడికి చేరేవి. వాటి కోసం విఠల్ సి భాషలో ప్రోగ్రాము రాశాడు. రెండేళ్ళు నిండిన ఒక్కో అర్జీని అది తెర మీదికి తెచ్చి, మూసెయ్యాలా అని అడుగుతుంది. అవునని వై అక్షరం నొక్కితే మూసి, ఇంటికి పంపే ఉత్తరం అచ్చు వేస్తుంది.

ఒక మధ్యాహ్నం, మనుషులు ఇల్లు చేరిన మూడు అర్జీలను మూస్తున్నాడు. రెండోదానికి వై నొక్కగానే తెర బిగుసుకుపోయింది. విసుగుతో మరో రెండుసార్లు కొట్టాడు. కొట్టిన అక్షరాలు ఎటూ పోవు, ప్రోగ్రాము చదివేదాకా మిషన్లో వరుసగా కాచుకుని ఉంటాయి. తెర కదలగానే మూడోది మూసుకుంది. దాని వెనకాలే ఎల్లారెడ్డిపేట గౌరవ్వ అర్జీ కూడా, అతను పేరు చదివేలోపే. ఆమె కొడుకు వెంకటి జాడ ఇంకా తెలియదు.

పక్క గదిలో ప్రింటరు మోగింది. విఠల్ పరుగున పోయి ఆఫీసరుకు తప్పు చెప్పుకున్నాడు.

"మూసినదాన్ని తెరిస్తే, ఎందుకని పైనుంచి అడుగుతరు. పోనియ్," అంటూనే ఆయన ఉత్తరం మీద సంతకం పెట్టాడు.

కొత్త ఉద్యోగం. విఠల్ ఆ ఉత్తరాన్ని టపాలో వేశాడు. సాయంత్రం, ప్రశ్న అడగడానికి ముందు టీసీఫ్లష్ అనే ఒక్క లైను చేర్చాడు. చదవకుండా మిగిలిన అక్షరాలను అది పారేస్తుంది. బయటికి పోవలసి ఇంకా పోనివాటిని కూడా పారేయించవచ్చు. పోయినవాటిని వెనక్కి తెచ్చే మాట మాత్రం సి లో లేదు.

పదిహేను రోజులకు గౌరవ్వ వచ్చింది. ఊళ్ళో ఉత్తరం చదివి వినిపించినాయన, మూసిండ్రంటే మనిషి లేనట్టేనన్నాడట. కర్మ చేశారు. కోడలు రాధ గాజులు తీయించారు.

"పీనుగన్న చూపియ్యుండ్రి సారూ. యాడ పెట్టిండ్రు?" అంది.

విఠల్ కుర్చీలోంచి లేచాడు. "నా చెయ్యి జారింది అవ్వా. వెంకటి సంగతి ఎవ్వలకు తెల్వది."

గౌరవ్వ కొంగుముడి విప్పి ఆ ఉత్తరం బల్ల మీద పెట్టింది.

"గట్లయితే పోరి గాజులు ఏసుకోవాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

విఠల్ కాగితం తీసుకున్నాడు. కొత్త అర్జీ తానే రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. దానికి కొత్త నంబరు, రెండేళ్ళ లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి. సిరిసిల్ల బస్సు దాకా ఆమె వెంట వెళ్ళాడు.

ఆ వానాకాలం జ్వరంతో గౌరవ్వ పోయింది. ఆ కబురు తెచ్చింది రాధ. అర్జీ తన పేరు మీదికి మార్చమని అడిగింది. పేరు మార్చాక, నెల తిరక్కుండానే విఠల్ పని మానేసి కోరుట్లకు వెళ్ళిపోయాడు. వెంకటి ఏమయ్యాడో తెలియలేదు.