మంచం పక్క కిటికీ

ఆవిడని అందరూ గీతలక్క అంటారు. మరిది మాత్రం కాలు కాలిన పిల్లి అంటాడు, అదీ ఆవిడ వినకుండా. కుదురన్నది ఆవిడ జాతకంలో రాయలేదు. కంప్యూటర్ ముందు పావుగంట కూర్చుంటే లేస్తుంది, వీధి తలుపు దాకా వెళ్తుంది, తిరిగొచ్చి గీసింది చెరిపి మళ్లీ గీస్తుంది. ఇళ్ల ప్లాన్లు గీయడమే ముప్పై ఏళ్లుగా ఆవిడ బతుకుతెరువు.

నాలుగేళ్లుగా అన్నీ ప్యానెల్ ఇళ్లే వస్తున్నాయి. రెండు చెక్క పలకల మధ్య మందంగా ఫోమ్ పెట్టి అతికించిన గోడలు. కిటికీ సందూ, వైర్లు పోయే దారీ ఫ్యాక్టరీలోనే కోసేసి, లారీలో తెచ్చి క్రేన్‌తో నిలబెడతారు. ఇటుక గోడైతే మేస్త్రీ తిట్టుకుంటూనైనా పగలగొట్టి సరిచేస్తాడు. ఇక్కడ గీత తప్పితే గోడ తప్పినట్టే. అందుకే ఫీజులో గీసినందుకు ఆవిడకి కొంత, ఎర్ర పెన్ను పట్టుకుని ప్రతి కొలతా మళ్లీ సరిచూసినందుకు మరిదికి కొంత.

ఈసారి ఇల్లు కట్టించుకుంటున్నది ఒక రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన భార్యకి మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. మంచం దిగలేదు, కుడివైపుకి తప్ప ఒత్తిగిల్లలేదు. గీతలక్క వాళ్ల అద్దెగదికి వెళ్లి మంచం కొలిచింది, ఆవిడ తల ఎక్కడ ఆనుతుందో కూడా కొలిచింది. కొత్త ఇంట్లో మంచానికి కుడిపక్కన గోడ వస్తుంది, తల దగ్గరే కిటికీ ఉంటుంది. అంతా బాగానే ఉంది. ఫీజు మాట వచ్చేసరికి డ్రైవరు, నాలుగు గీతలకి ఇంత డబ్బా, రెండోసారి చూసినందుకు మళ్లీ డబ్బేమిటి అని బేరం పెట్టాడు. గీతలక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, ఆ రెండోది కొట్టేయండి, నా గీతకి వేరొకరి చూపెందుకు అనేసింది. అన్నట్టే మరిదికి చూపించకుండా డ్రాయింగులు ఫ్యాక్టరీకి పంపేసింది. ఆ రోషమే కొంప ముంచింది.

పంపిన మర్నాడు పొద్దున్నే భర్త చొక్కా తిరగేసి ఇస్త్రీ చేస్తోంది. అటు ఉండాల్సిన జేబు ఇటు కనిపించింది. ఆవిడకి తను గీసి పంపిన గోడ గుర్తొచ్చింది. ప్యానెల్ బొమ్మ ఎప్పుడూ ఇంటి బయట నిలబడి చూసినట్టు గీయాలి. ఆవిడేమో ఆ మంచం మీద మనిషినే తలుచుకుంటూ, గదిలోంచి చూసినట్టు గీసేసింది! కిటికీ తల దగ్గర కాక కాళ్ల దగ్గరికి పోతుంది.

ఇస్త్రీపెట్టె ఆపిందో లేదో, ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి పరిగెత్తింది. కోసేశారు. ప్యానెల్ గోడకి ఆనించి ఉంది. తిప్పి నిలబెడదామంటే, వానకి తట్టుకునే పూత ఒకవైపు పలకకే ఉంది. ఫ్యాక్టరీ ఓనరు తాపీగా టీ తాగుతున్నాడు.

"మంచం అటు తల పెట్టి వేసుకుంటార్లే అక్కా. వాళ్లకేం తెలుస్తుంది?"

"అటు పెడితే గోడ ఎడమకి వస్తుంది. ఆవిడ ఎడమకి తిరగలేదు."

కొత్త ప్యానెల్ అంటే ఆవిడకి మూడు ఇళ్ల ఫీజు. నా పేరున రాసుకోండి అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం వదినా అని మరిది దెప్పాడు. దెప్పుతూనే కొత్త బొమ్మని పైసా తీసుకోకుండా మూడుసార్లు సరిచూశాడు. ఆవిడ డ్రైవరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన అంతా విని ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. కొత్త ప్యానెల్ వచ్చేదాకా రెండు వారాలూ ఆవిడకి తిన్నది ఒంటబట్టలేదు, ఇంట్లోవాళ్లనీ తిననివ్వలేదు.

గోడలు నిలబెట్టిన రోజు ఆవిడ ఆగలేక అక్కడికి వెళ్లింది. కప్పు ఇంకా వేయలేదు, దాన్ని ఎత్తడానికి క్రేన్ బయట సిద్ధంగా ఉంది. లోపల వడ్రంగుల బల్ల ఒకటి మంచమంత ఎత్తే ఉంది. దాన్ని గోడ పక్కకి జరిపి, ఎక్కి కుడివైపుకి తిరిగి పడుకుంది. కిటికీ సరిగ్గా కళ్లెదురుగానే ఉంది. కానీ అందులోంచి ఆకాశం తప్ప మరేమీ కనిపించలేదు. చెట్టు లేదు, వీధి లేదు, మనిషి లేడు. ఎంత పని చేశానురా భగవంతుడా అనుకుంది.

లేచి చూస్తే గుమ్మంలో డ్రైవరు.

"కిటికీ గట్టు ఇంకో జానెడు దించాల్సిందండీ," అంది. "వీధి కనిపించేది. ఇదీ నా తప్పే."

ఆయన చెప్పులు విప్పి, బల్ల మీద కుడివైపుకి తిరిగి పడుకున్నాడు. చాలాసేపు కిటికీలోంచి ఆకాశం కేసే చూశాడు.

"మా ఆవిడ మూడేళ్లుగా గోడ మీద పెచ్చులు చూస్తోందమ్మా," అన్నాడు చివరికి, అటే చూస్తూ. "ఇది చాలు."

 ఆయన లేవడానికి ప్రయత్నించలేదు. బయట క్రేన్ డ్రైవరు ఆలస్యమవుతోందని హారన్ మీద హారన్ కొడుతున్నాడు. గీతలక్క గుమ్మంలోకి వెళ్లి, కాసేపు ఆగమని చెయ్యి ఊపింది.