పలకని మూల కీ

జవళగిరి అడవి పక్కన పుట్టినదాన్ని. ఏనుగులంటే భయపడేదాన్ని గానీ దయ్యాలంటే ఎప్పుడూ నవ్వేదాన్ని. పోయినవాళ్లకు మళ్లీ ఇటు రావడానికి ఏం పని అనేదాన్ని. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే ఇది నా కూతురు సునంద రాస్తోంది. మేముండేది కెలమంగలం.

మా ఆయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆ మిషన్‌లో ఎడమచేతి చిటికెనవేలు పోయింది. తర్వాత ఆయన్ను కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టారు. విండోస్ లాంటిదే లినక్స్ అని ఒకటుందట, అక్కడే అది నేర్చుకున్నాడు.

అందులో ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఒకటుంది. రాసింది సేవ్ చేయాలంటే ముందు కీబోర్డు ఎడమ మూలనున్న ఎస్కేప్ కీ నొక్కాలట. అది చిటికెనవేలి పని. ఆయనకు ఆ వేలు లేదు. అందుకని ఎడిటర్ సోర్స్ కోడ్, అంటే దాన్ని తయారుచేసే అసలు రాత, తెచ్చుకుని, ఆ పనిని కీబోర్డు కుడిపక్కనున్న ఒక కీకి మార్చి, ఇంట్లోనే బిల్డ్ చేసుకునేవాడు. దోసె పిండి కొనకుండా ఇంట్లో రుబ్బుకున్నట్టు.

నిరుడు గుండెపోటుతో పోయాడు.

సునందకు ఉద్యోగం కోసం ఒక కంపెనీ పరీక్ష పెట్టింది. ఇంట్లోనే ప్రోగ్రాము రాసి సాయంత్రంలోగా పంపాలి. మాకు వేరే ఆధారం లేదు. ఆయన కంప్యూటర్ నెమ్మదిగా ఉందని కొత్త డిస్క్ వేయించింది. ఆయన మార్చుకున్నవన్నీ ఉన్న పాతది బీరువాలో పెట్టాం. కొత్తదాని మీద లినక్స్ ఎక్కించి, ఎడిటర్ కోడ్ నెట్ నుంచి దించి, పరీక్ష రోజు పొద్దున బిల్డ్ చేసింది.

ఎడిటర్ తెరుచుకుంది. ఎస్కేప్ పలకలేదు. ఎడిటర్ బయట అదే కీ బాగానే పనిచేస్తోంది. ఎదురింటి నుంచి ఇంకో కీబోర్డు తెచ్చాను. అదీ అంతే. అంతా చెరిపి మళ్లీ బిల్డ్ చేసింది. తెర మీద అక్షరాలు వరసలు వరసలుగా పారుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మళ్లీ అంతే.

ఊరికే వాళ్ల నాయన వాడే ఆ కుడిపక్క కీ నొక్కింది. పలికింది.

సునంద చేయి వెనక్కి తీసుకుంది. "నాయనా, నీకు వేలు లేదని నాకూ లేకుండా చేస్తివా" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"చెప్పకుండా ముట్టుకుంటిమి కదమ్మా" అన్నాను.

పోయినవాళ్ల పనిముట్టు మొదటిసారి ముట్టుకునే ముందు వాళ్లకు ఒక మాట చెప్పడం మా ఇంట్లో అలవాటు. కొడవలికైనా, కుట్టుమిషన్‌కైనా. కంప్యూటర్‌కు కూడా చెప్పాలని తోచలేదు. తమలపాకు, వక్క దాని ముందు పెట్టాను. "ఏమప్పా, బిడ్డకు ఈ పని కావల్ల. అడ్డం పడొద్దు" అన్నాను.

ఏమీ మారలేదు.

"మా, టైం పోతా ఉండాది. నాయన మాదిరే చేస్తా, పో" అని సునంద చిటికెనవేలు మడిచి మొదలుపెట్టింది.

కాసేపటికి నేను వంటింట్లో చేస్తున్న పని ఆపేశాను. సునంద ఎప్పుడూ కీలు మెత్తగా కొడుతుంది. ఇది టకటకా కొట్టి, ఆగి, ఒకటి గట్టిగా. ఆయన కొడుతుంటే నేను ఇన్నేళ్లు విన్న చప్పుడు. గడప దాటి చూడబుద్ధి కాలేదు.

పొద్దు వాలకముందే పంపింది. ఉద్యోగం వచ్చింది.

కృష్ణగిరి నుంచి సునంద స్నేహితురాలు వచ్చి చూసింది. దించిన కోడ్‌ను నెట్‌లో ఉన్నదానితో పోల్చి, ఒక్క అక్షరం కూడా తేడా లేదంది. అదే కోడ్ తన ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేస్తే ఎస్కేప్ పలికింది. మా దాంట్లో ఇప్పటికీ పలకదు.

"నేనైతే ఈ ఎడిటర్‌ను తీసి పారేస్తానమ్మా" అంది ఆ పిల్ల.

మేము తీయలేదు. ఆ రోజు ఆయన బిడ్డకు అడ్డం నిలిచాడో, పక్కన కూర్చున్నాడో నాకు తెలియదు. ఆయనే అనడానికి నోరు రాదు. కాదనడానికీ రాదు.