బోరింగు పిడి పెట్టిన మిలిటరీ లారీ

మా ఆయన మిలిటరీ లారీని ఇంటికి తెచ్చిన రోజు నేను కళ్ళంలో మినుములు చెరుగుతున్నాను. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు పోయే దారిలో రోడ్డు దిగి కొంచెం లోపలికి వస్తే మా ఊరు. ఇంటి వెనకే కళ్ళం. వడ్లు కుప్ప పోయాలన్నా, మిరపకాయలు ఆరబోయాలన్నా మాకున్నది ఆ ఒక్క చోటే. అందులోకి ఒక అద్దె ట్రాక్టరు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. దాని వెనక ఇనుప గొలుసుకు కట్టిన ముసలి లారీ. ముక్కు చప్పిడిగా, లైట్లు గుండ్రంగా, ఒళ్ళంతా తుప్పు. లోపల స్టీరింగు పట్టుకుని పెళ్ళికొడుకు మాదిరి నిటారుగా కూర్చున్నది మా ఆయన.

"ఏందప్పా ఇది?" అన్నాను, చేట కింద పెట్టకుండానే.

"మిలిటరీ లారీ."

"అది కనపడ్తాండాది. ఈడికెందుకు వచ్చెనని అడుగుతాండా."

"నంద్యాల్లో ఒక రైసు మిల్లు వెనకాల పడుండె. లోపల పాములు కాపురం పెట్టినాయంట. సూసి ఓర్సుకోలేకపోతి."

"పాముల్ని సూసా, లారీని సూసా?"

ఆయన తలుపు పట్టుకుని దిగాడు. ముందు కుడికాలు. ఆ తర్వాత రెండు చేతులతో ఎత్తి పెట్టుకున్నట్టు ఎడమకాలు. ఆ ఎడమ మోకాలే అన్నిటికీ మూలం.

పెళ్ళైన కొత్తలో ఆయన పట్టాళంలో డ్రైవరు. ఇలాంటి లారీల్లోనే మంచుకొండల మీదికి సామాన్లు చేరవేసేవాడు. సెలవుకు వచ్చి ఎడ్లబండి ఎక్కినా ఆయన కూర్చునే తీరు లారీలో కూర్చున్నట్టే ఉండేది. పట్టాళం వదిలి వచ్చాక సేద్యంలో పడ్డాడు, ట్రాక్టరు తోలాడు. కిందటేడు చేనికి పోతూ కాలువ మీది కల్వర్టు దాటి అవతలి గట్టు ఎక్కే చోట మోకాలు పట్టేసింది. క్లచ్ నొక్కలేకపోయాడు. ట్రాక్టరు వెనక్కి జారి కాలువలో పడింది. నీళ్ళు వదలని రోజులు కాబట్టి సరిపోయింది. నంద్యాల డాక్టరు మోకాలు అరిగిపోయిందన్నాడు. మా కొడుకు ట్రాక్టరు తాళం తీసి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

అప్పటినుంచి ఆయన అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. వీధిలో ఎవరైనా బండి తోలుకుపోతే తల పక్కకు తిప్పుకునేవాడు. టీ అంగడికి పోవడం మానేశాడు. కూర ఎట్లుంది అంటే "బాగుంది" అనేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి! ఒకరోజు పొరపాటున ఉప్పు వేయడమే మరిచిపోయాను. ఆ రోజు కూడా "బాగుంది" అని చేయి కడుక్కున్నాడు. నాకు భయమేసింది.

భయమేసిందని ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటు నాకు లేదు.

సాయంత్రం చేను నుంచి వచ్చిన కొడుకు లారీని చూసి ఎగిరాడు.

"నాయనా, నీకేమన్నా పిచ్చా? క్లచ్ ఒత్తలేక ట్రాక్టరే కాలవలో ఏస్తివి. ఇది ఏనుగు!"

"ఏనుగునే తోలినా. నువ్వు పుట్టకముందు."

"ఇప్పుడు పుట్టినా గదా. నేను ఒప్పుకోను."

"ఇద్దరూ నోర్ముయ్యండి" అన్నాను. మా ఆయన వైపు తిరిగి చెప్పాను. "మిరపకాయలు కళ్ళానికి వచ్చేలోపల ఇది తనంతట తాను కదలాల. నువ్వే తోలుకోని చేనికి పొయ్యి రావాల. కాలేదా, ఆళ్లగడ్డ పాత ఇనుము అంగడోన్ని నేనే పిలుస్తా. ఇంకో మాట. ఇంట్లో ఉండే వస్తువును అంగట్లో కొనేది లేదు."

ఆయన సరేనన్నాడు. ఆ సరేలో పాత గొంతు కొంచెం వినపడింది.

నంద్యాల నుంచి ఒక మెకానిక్ వచ్చేవాడు. లారీల షెడ్డులోనే జుట్టు నెరిసిన సాయిబు. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను అక్కా అనేవాడు. ఖాళీ దొరికినప్పుడల్లా మోటారు సైకిలు మీద వచ్చి, ముందు టీ తాగి, ఆ తర్వాత లారీ కిందికి దూరేవాడు. ఇంజన్ పట్టేసి ఉంది. నూనె పోసి నానబెట్టారు. రోజూ ముందర దూర్చే కడ్డీ పట్టుకుని ఇంజన్‌ను కొంచెం కొంచెం తిప్పేవారు. చివరికి ఒక సాయంత్రం అది దగ్గింది. ఒకసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, గడగడమని తిరగడం మొదలుపెట్టింది. మేకలు తాళ్ళు తెంపుకుని పారిపోయాయి. మా ఆయన దాని ముక్కు మీద చేయి వేసి, "చల్ బేటా, చల్" అన్నాడు. మా పిల్లల్ని ఎత్తుకున్నప్పుడు కూడా ఆయన నోట అంత తీపి మాట నేను వినలేదు.

ఇంజన్ లేచాక మా ఇద్దరికీ తగాదా మొదలైంది. ఆయనకు లారీ పట్టాళంలో ఎట్లా ఉండిందో అట్లాగే ఉండాలి. నాకు అది మా చేనికి పనికిరావాలి. విరిగిపోయిన పట్టెమంచం చెక్కలతో వెనకాల కూలి ఆడవాళ్ళు కూర్చోవడానికి బల్లలు వేయించాను. ముసలివాళ్ళు కూడా ఎక్కేట్టు కిందికి ఒక మెట్టు పెట్టించాను.

"పట్టాళంలో ఇట్ల ఉండదే" అన్నాడు.

"పట్టాళంలో మిరపకాయలు కోసేటోళ్ళు ఉండారా?"

ముందర సీట్లకు పాత పరుపులోని బూరుగుదూది కూరాను. పైకప్పుకు తార్పాలు ఆయన తెచ్చుకున్నాడు, దాని లోపలి వైపు మాత్రం యూరియా సంచులు విప్పి నేను కుట్టాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "మిలిటరీ బండికి యూరియా సంచులా! ఎవరన్నా సూస్తే?"

"ఎవరు సూస్తారప్పా? శత్రువులా?"

రంగు దగ్గర కూడా అంతే. కొత్త డబ్బా వద్దన్నాను. తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు, కిటికీ కడ్డీలకు వేయగా మిగిలిన నల్ల రంగు ఉన్నాయి, రెండూ కలిపించాను. మెకానిక్ దూరంగా నిలబడి తల అటూ ఇటూ వంచి చూశాడు. "అక్కా, ఇది మిలిటరీ రంగు గాదు. గోంగూర ఉడికిన రంగు" అన్నాడు. మా ఆయన మాత్రం కింద కూర్చుని చక్రాల నట్లకు ఒక్కొక్కదానికి రంగు పూసుకుంటున్నాడు. టీ అంగడిలో కూర్చునేవాళ్ళే మా కళ్ళానికి వచ్చి ఆయనతో మాట్లాడిపోతున్నారు.

అంతా అయ్యాక ఆయన సీటెక్కాడు. మెకానిక్ కింద నిలబడ్డాడు. నేను మిరపచేను ఎర్రబడుతున్న కబురు కొడుకు నోట విని, వాడితో కలిసి అప్పుడే బయటికి వచ్చాను. ఆయన ఎడమకాలు క్లచ్ మీద పెట్టి ఒత్తాడు. పెడల్ కదల్లేదు. మెడ నరాలు లేచేదాకా ఒత్తాడు. సగం దాకా పోయింది, మోకాలు నిలవలేదు, పెడల్ పైకి తన్నేసింది. పాత మిలిటరీ బండి క్లచ్ ట్రాక్టరు క్లచ్ కంటే మొండిదట. ఆ సంగతి ఆయనకు మొదటి రోజునుంచీ తెలుసు. ఎవరికీ చెప్పకుండా మోకాలికి రోజూ ఆముదం పట్టించుకుంటున్నది అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది.

కొడుకు ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. "దిగు నాయనా" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనం ఎగతాళి కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"కాలు ఒత్తకపోతే చేత్తో ఒత్తేట్టు చెయ్యి" అన్నాను మెకానిక్‌తో.

"చెయ్యొచ్చు అక్కా. గట్టి కడ్డీ కావాల. కానీ అన్నకు ఒక చెయ్యి స్టీరింగుకు, ఒక చెయ్యి గేరుకు. మూడో చెయ్యి యాడుంది?"

"కడ్డీ సంగతి చెప్పు ముందు."

కొట్టంలోకి పోయి, గడ్డి కింద నుంచి బోరింగు పిడి లాక్కొచ్చాను. మా వీధి బోరింగు ఎండిపోయాక దాన్ని పీకి పారేస్తుంటే పిడి నేను తెచ్చి దాచుకున్నాను. అంత మంచి ఇనుము పారేస్తారా ఎవరైనా? కొడుకు దాన్ని చూసినప్పుడల్లా, "దీన్ని ఏం జేసుకుంటావు మా, మెడలో ఏసుకుంటావా?" అనేవాడు. ఆ రోజు వాడే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

మెకానిక్ దాన్ని రెండు సీట్ల మధ్య నిలబెట్టి, కింద నుంచి కడ్డీతో క్లచ్‌కు కలిపాడు. పిడి కిందికి ఒత్తితే పెడల్ దానంతట అది కిందికి పోతుంది. పొడుగు పిడి కాబట్టి పెద్ద బలం అక్కర్లేదు. పక్క సీట్లో ఒక మనిషి కూర్చుంటే చాలు. ఆ మనిషి ఎవరని ఎవరూ అడగలేదు. మా ఆయన నా వైపు చూశాడు. నేను కొంగు బొడ్లో దోపుకుని ఎక్కాను.

"ఒత్తు అంటే ఒత్తు. వదులు అంటే మెల్లగా వదులు" అన్నాడు.

"ఇంత మాత్రం తెల్దా నాకు?"

ఆయన ఇంజన్ లేపాడు. "ఒత్తు!" అన్నాడు. ఒత్తాను. గేరు వేసి, "వదులు!" అన్నాడు. వదిలాను. కానీ ఆ పిడి ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటినుంచి నా చేతికి తెలిసిన పిడి. దాన్ని పట్టుకుంటే నా చేయి ఒకసారి ఒత్తి ఊరుకోదు. బిందె నిండేదాకా కొడుతూనే ఉంటుంది. నేను ఒత్తుతూ వదులుతూ, ఒత్తుతూ వదులుతూ పోయాను. లారీ కప్ప మాదిరి ఎగరడం మొదలుపెట్టింది. కోళ్ళు గాలిలోకి లేచాయి. మెకానిక్ పక్కన పరుగెత్తుతూ, "అక్కా, ఆపు! నీళ్ళు రావక్కా అందులో!" అని అరుస్తున్నాడు. చివరికి లారీ పోయి గడ్డివామిలో ముక్కు దూర్చి ఆగింది.

దుమ్ము తగ్గాక చూస్తే మా ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. కళ్ళ నీళ్ళు కారేట్టు నవ్వుతున్నాడు. కాలువలో పడిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

మిరపకోత మొదలైన రోజు టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయల్దేరాం. రోడ్డెక్కేది లేదు, చేను దారిలోనే పోయి రావాలని కొడుకు షరతు పెట్టాడు. ట్రాక్టరు వేసుకుని తనూ వెనకే వచ్చాడు. మోకు కూడా పెట్టుకున్నాడు.

"మోకు ఎందుకురా?" అన్నాను.

"కాలవలో పడితే లాగాల గదా మా."

బయల్దేరడం బాగానే బయల్దేరాం. గేరు మార్చేటప్పుడు వచ్చింది చిక్కు. ఆ కాలపు లారీలకు క్లచ్ ఒకసారి ఒత్తితే చాలదు. ఒత్తి, ఉన్న గేరు తీసి, వదలాలి. మళ్ళీ ఒత్తి, కొత్త గేరు వేసి, వదలాలి. ఆయన, "ఒత్తు, వదులు, ఒత్తు, వదులు" అని అరుస్తాడు. ఆ మాట నా చెవికెక్కి చేతికి దిగేలోపల ఆయన తర్వాతి మాటకు పోతాడు. గేరు కీచుమని అరుస్తుంది.

"నేను వదులు అంటే నువ్వు ఒత్తుతాండావ్!"

"నువ్వే ఆలస్యంగా చెప్తాండావ్!"

"పట్టాళంలో అయితే నిన్ను..."

"పట్టాళంలో అయితే నీ పక్కన నేనెందుకు కూర్చుంటా?"

అట్లా కొట్లాడుకుంటూనే కాలువ గట్టు దగ్గరికి వచ్చాం. ఆయన పడిన చోటే. ఈసారి కాలువ నిండుగా పారుతోంది. కల్వర్టు దాటి గట్టు ఎక్కుతుంటే లారీ మూలగడం మొదలుపెట్టింది. కింది గేరుకు మార్చకపోతే ఆగిపోతుంది, ఆగితే వెనక్కే. నేను ఆయన మాట కోసం చూశాను. ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. ముఖం పాలిపోయింది. కాలువలో నుంచి ఎత్తుకొచ్చిన రోజు ఎట్లుందో అట్లుంది.

నేను ముఖం చూడడం మానేసి చేయి చూశాను. గేరు మీద ఆయన చేయి కదిలింది. ఒత్తాను. వదిలాను. బిందె నిండబోయేముందు కొట్టినట్టు మళ్ళీ నిండుగా ఒత్తి వదిలాను. నా చేతి పాత అలవాటే అది, ఆపుకోకుండా దాన్ని దాని దారిన పోనిచ్చాను. గేరు చప్పుడు లేకుండా పడింది. లారీ ఒక్క గుంజు గుంజుకుని గట్టెక్కి అవతలికి దిగింది.

చెట్టు నీడన ఆపి ఆయన చేతులు తుడుచుకున్నాడు. "చెప్పకుండానే ఎట్ల ఒత్తితివే?" అన్నాడు.

"ఇన్నేండ్లలో నువ్వు చెప్పినాక నేను చేసిన పని ఒకటన్నా ఉందా?"

వెనక నుంచి కొడుకు దిగి వచ్చాడు. లారీని ఒకసారి చుట్టి చూసి, మోకు చుట్ట చుట్టి ట్రాక్టరు పెట్టెలో పడేశాడు. సాయంత్రం మిరపకాయల బస్తాలు ట్రాక్టరుకు కాకుండా లారీకే ఎత్తించాడు. కూలి ఆడవాళ్ళు నా బల్లల మీద కూర్చున్నారు. అందులో నోరున్న ఒకామె ముందుకు వంగి, "పెద్దమ్మా, ఇంతకీ దీన్ని తోలేది ఎవురు? నువ్వా, పెద్దాయనా?" అని అడిగింది.

"నేను" అన్నాడు ఆయన. అదే నిమిషంలో నేనూ "నేను" అన్నాను. ఇంటికి చేరేదాకా వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

లారీని ఆయన తెచ్చి కళ్ళం నడుమ ఆపాడు. దాన్ని జరపమని నేను అనలేదు. చుట్టూ చోటు చేసుకుని మిరపకాయలు ఆరబోయించాను. ఎర్రటి కాయల మధ్య ఆ గోంగూర రంగు అంత చెడ్డగా ఏమీ లేదు.

అన్నానికి కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. పళ్ళెం ముందుకు తోశాడు.

"ఏందే ఈ కూర? ఉప్పు యాడ పోయింది? మనుషులు తినేదేనా ఇది?"

ఇల్లంతా వినపడింది ఆ గొంతు. నేను లేచి ఉప్పుడబ్బా తెచ్చి ఆయన ముందు ఠంగుమని పెట్టాను.

"చేతులుండాయి గదా. ఏసుకో."